ఆరు నీలం మొక్కలు

నాందేడ్
22 ఏప్రిల్ 1974

చంద్రభాగ అక్కకు,

నువ్వు పంపిన మొక్కలు పూశాయి. ఐదు విచ్చుకున్నాయి, ఆరోది మొగ్గ మీద ఉంది. సంతోషంగా రాయాల్సిన మాట ఇది. పూలు గులాబీ రంగులో వచ్చాయి.

జనవరిలో మొక్కలతో పాటు వచ్చిన చీటీ నా దగ్గరే ఉంది. హైడ్రాంజియా, ఆరు, నీలం అని అందులో ఉంది. నువ్వు గుత్తిపువ్వు అంటావే, అదే. బావి పక్కన, రోజంతా నీడ ఉండే చోట పెట్టాను. మూడు వైపులా గోనెపట్టాలు కట్టి రోజుకు నాలుగుసార్లు తడిపాను. నాందేడ్ ఎండలో ఈ మొక్క బతకదని అందరూ అన్నారు. బతికింది.

శనివారం శేఠ్ భార్య విమలాబాయిని కుర్చీలో కూర్చోబెట్టి చూపించడానికి తెచ్చారు. చాలాసేపు చూసింది. తర్వాత, "ఇవి నావి కావు సంగన్నా," అంది. "నేను ఏరిన ఆరూ నీలంవి. నేను ముట్టుకొని చూసిన పూలు నాకు ఎర్కలేదా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

శేఠ్ సుబ్బయ్య తన మునీమ్ వైపు చూశాడు. దుకాణం లెక్కలు రాసే ఆ బాబురావ్ అన్నాడు. "పోయిన ఎండకాలం అమ్మగారిని ఊపిరితిత్తుల జబ్బుకు పంచగని తీస్కపోతే, పక్కనున్న మహాబళేశ్వర్ నర్సరీల తెలుగుల మాట్లాడి మొక్కలు అంటగట్టింది మీ అక్కనే గద? మాలి పని నీకిప్పిచ్చింది ఆమెనే. అక్క పంపుడు, తమ్ముడు అమ్ముడు. మంచి దుకాణం పెట్టిండ్రు రా!"

నేను నీలం మొక్కలు ఎక్కడో అమ్మి, పనికిరానివి తెచ్చి నాటానని అతని మాట. ఇది ఊళ్ళో పాకితే నన్ను ఎవరూ తోటలోకి రానివ్వరు. కరువు ఏడు భోకర్ రోడ్డు మీద కంకర కొట్టిన రోజులు నీకు తెలుసు. పార్వతికి ఇప్పుడు ఐదో నెల. ఆమెను తీసుకొని మళ్ళీ అక్కడికి పోలేను.

పంపింది ఏ మొక్కలో రాయి. మేమిద్దరం బాగున్నాం.

సంగన్న


మహాబళేశ్వర్
1 మే 1974

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. ఆరు మొక్కలూ ఇక్కడ నీలం అయినవే. నా కళ్ళతో చూశాను. ఎవరికీ భయపడకు.

చంద్రభాగ


నాందేడ్
9 మే 1974

అక్కా,

నీ కార్డు నాకంటే ముందు బాబురావ్ చేతిలో పడింది. శేఠ్ దుకాణం చిరునామాకు వస్తుంది కదా. అతనికి తెలుగు చదవరాదు. తూకం వేసే దేవన్నను పిలిచి చదవమన్నాడు. నేను తాడు కోసం పోయి అక్కడే నిలబడి ఉన్నాను.

దేవన్న చదివాడు. "ఆరు మొక్కలూ ఇక్కడ నీలం అయినవే."

బాబురావ్ గద్దె మీంచి లేచాడు. "థాంబ్, థాంబ్! ఆగు! నీలాం? ఆరుకు ఆరు నీలాం అయినయా?"

"అవును మునీమ్‌జీ. అయినవేనట. కండ్లతోని చూసిందట."

"చూడదా మరి! పక్కన నిలబడి పాట పాడిచ్చిందే ఆమె అయితే!"

అతను నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాడు. వేలం పాటను నీలాం అంటాడు. నేను ముందుకు పోయి, "నీలం అంటే రంగు, మునీమ్‌జీ. ఆస్మానీ రంగు," అన్నాను.

"రంగయితే ఆస్మానీ అని రాయకపోవునా? రోజూ మోండా మార్కెట్ల పత్తి నీలాం చేపిచ్చెటోన్ని నేను. నీలాం అంటే ఏందో నాకు నేర్పుతవా?"

దేవన్న ఏదో చెప్పబోయాడు. "నువ్వు తూకం చూస్కో పో," అన్నాడు బాబురావ్. దుకాణంలో అందరూ నవ్వారు. ఆ నవ్వు సాయంత్రానికి బజారు దాటింది. ఇప్పుడు నేను కనిపిస్తే హమాలీలు, "ఏం సంగన్నా, ఇయ్యాల నీలాం ఏమున్నది?" అని అడుగుతున్నారు.

శేఠ్ లేడు. విమలాబాయికి దగ్గు ఎక్కువై హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయాడు. నిన్నటి నుంచి రైళ్ళ సమ్మె. ఎప్పుడొస్తాడో తెలియదు. అంతవరకు ఇక్కడ బాబురావే శేఠ్. మిరుగం నాటికి శేఠ్ మాకిచ్చిన గది ఖాళీ చేయమన్నాడు. వానలు మొదలయ్యే రోజు చూసి పెట్టాడు. చేయకపోతే ఠాణాలో రాయిస్తానన్నాడు.

నీలం మొక్కలే పంపామని మీ నర్సరీ యజమాని శంకర్రావు చేత కాగితం రాయించి పంపు. కార్డు మీద ఏమీ రాయకు.

ఇంకొక మాట. నీ కార్డు నాలుగు ముక్కలు. పార్వతి ఎట్లా ఉందని కూడా అడగలేదు. నాగనాథ్ పంతులు అరుగు మీద మనకు అక్షరాలు నేర్పినప్పటి నుంచి నీ రాత నాకు తెలుసు. నువ్వు ఇంత తక్కువ ఎప్పుడూ రాయలేదు.

సంగన్న


మహాబళేశ్వర్
20 మే 1974

సంగన్నకు,

సమ్మె వల్ల నీ ఉత్తరం పది రోజులకు వచ్చింది.

కాగితం అడగను. శంకర్రావు మనలాంటివాళ్ళకు ఊరికే కాగితాలు రాసిచ్చే మనిషి కాదు. ఆ రోజు మొక్కలు ఎవరు తీశారు, ఎవరు కట్టారు, బండికి ఎవరు ఎక్కించారు అని ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతాడు. మీ బావ కాశీరాం అదే నర్సరీకి కావలి. ఆయన పని కూడా చూసుకోవాలి నేను.

అయినా నువ్వు ఏం ఎరువు వేశావు? రోజుకు నాలుగుసార్లు నీళ్ళు ఎవరు పోయమన్నారు? తోటపని నీకు కొత్త. పొరపాటు నీ చేతిలో జరిగి ఉండొచ్చు కదా. అది చూసుకోకుండా నా రాత పొడుగు కొలుస్తున్నావు.

శేఠ్ వచ్చాక నోరు తెరిచి మాట్లాడు. నీలం, నీలాం అనే గొడవ ఆయనకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఆయన తెలుగువాడే కదా.

పార్వతిని బరువులు ఎత్తనీయకు.

ఇక్కడ చల్లదనానికి పూలు ఆలస్యం. ఎత్తు మీద ఉన్నవి ఇంకా రంగు తిరగలేదు.

చంద్రభాగ


నాందేడ్
29 మే 1974

అక్కా,

శేఠ్ నిన్న వచ్చాడు. నువ్వు అన్నట్టే అయింది, సగం.

వరండాలో అందరినీ నిలబెట్టి కార్డు తానే చదివాడు. చదివి నవ్వాడు. "బాబురావ్, గిండ్ల నీలాం లేదయ్యా. నీలం ఉన్నది. నీ చెవుల ఇంకా నిజాం సర్కారే నడుస్తున్నది," అన్నాడు. బాబురావ్ మొహం మాడిపోయింది. దేవన్న నోటికి తువాల అడ్డం పెట్టుకున్నాడు. నాకు కూడా నవ్వు వచ్చింది.

ఆ నవ్వు ఆగకముందే శేఠ్ నా వైపు తిరిగాడు. "సరే. అక్కడ నీలమే. మీ అక్క రాసింది నిజమే అనుకుందాం. మరి నా బావికాడ గులాబీ ఎట్లయింది?"

నేను బావి వైపు చూశాను.

"దారిల రంగు మారిందా? లారీల ఎవలన్న కడిగిండ్రా?"

ఎవరూ నవ్వలేదు. విమలాబాయి మంచం మీద పడుకొని ఇదంతా వింటోంది. చాలా చిక్కిపోయింది. "ఆ పిల్ల నాతోని మనూరి మాట మాట్లాడింది, మోసం చెయ్యదు," అంది భర్తతో. అప్పుడు నేను ఒట్టు పెట్టాను అక్కా. అమ్మగారు ఏరిన ఆరు మొక్కలే వచ్చాయని, అవే నాటానని, నీ పేరు మీద ఒట్టు పెట్టాను.

శేఠ్ ఆ కార్డు మడిచి, "మిరుగం దాక టైమున్నది. గులాబీ ఎట్లయిందో చెప్పు, ఉండు. చెప్పకపోతే బాబురావ్ చెప్పిందే నా మాట," అన్నాడు.

మిరుగం జూన్ ఎనిమిది. నేను పెట్టిన ఒట్టు తప్పయితే ఇప్పుడే చెప్పు. నీ ఉత్తరంలో ఎత్తు మీద పూలు రంగు తిరగలేదని రాశావు. నేను అడగలేదు. నువ్వు ఎందుకు రాశావు?

సంగన్న


మహాబళేశ్వర్
2 జూన్ 1974

తమ్మీ,

ఒట్టు తప్పు.

విమలాబాయి ఏరినవి చచ్చిపోయాయి. పూతలో ఉన్న మొక్కను కదిలిస్తే బతకదని, చలికాలంలో పంపుతామని శంకర్రావు ఆ ఆరు కుండీలూ నాకు అప్పజెప్పాడు. దీపావళి తర్వాత మీ బావకు జ్వరం తిరగబెట్టి సాతారా ఆస్పత్రిలో ఐదు రోజులు ఉన్నాం. కుండీలు రేకు కింద ఉండిపోయాయి. ఎవరూ నీళ్ళు పోయలేదు. వచ్చేసరికి కట్టెలు. ఆ మొక్క ఒక్కరోజు దాహానికే తల వేలాడేస్తుంది, ఐదు రోజులు ఎట్లా ఓర్చుకుంటుంది?

చెబితే నా పని పోయేది. నర్సరీ పైన కొండ మీద ఒక ఇంగ్లీషువాళ్ళ బంగళా ఉంది, ఏళ్ళ నుంచి మూసి ఉంది. దాని గోడ వెంట ఇదే మొక్క, ఎవరూ చూసేవాళ్ళు లేక అడవిలాగా పెరిగింది. తెల్లవారగానే పోయి వేర్లతో సహా ఆరు పిలకలు తవ్వి తెచ్చి ఆ కుండీల్లో పెట్టాను. మీ బావకు కూడా చెప్పలేదు. అప్పుడు వాటికి పువ్వు లేదు, ఆకు కూడా లేదు. రంగు ఎట్లా తెలుస్తుంది? ఈ కొండ మీద నేను చూసినవన్నీ నీలమే. ఇవీ నీలమే అనుకున్నాను.

నువ్వు గులాబీ అని రాసినప్పటి నుంచి నాలుగుసార్లు ఆ గోడ దగ్గరికి పోయాను. గుత్తులు వేశాయి. ఇంకా పాలిపోయిన పచ్చగానే ఉన్నాయి. అవి గులాబీగా విచ్చుకుంటే ఇదంతా నా వల్లే.

నువ్వు ఏం ఎరువు వేశావని రాశాను. ఆ మాట రాసేటప్పుడే నాకు తెలుసు.

ఈ ఉత్తరం శేఠ్‌కు చూపించు. చూపించొద్దని నేను రాయను.

చంద్రభాగ


నాందేడ్
6 జూన్ 1974

అక్కా,

పొద్దున అందింది. చూపించలేదు.

రెండుసార్లు వరండా మెట్ల దాకా పోయి వచ్చాను. పార్వతి చూపించమంటోంది. "ఆమె తప్పుకు నేను రోడ్డు మీద కనాల్నా?" అని అడిగింది. ఆమె అడిగింది తప్పు కాదు.

నీ మీద ప్రేమతో దాచానని అనుకోకు. శేఠ్ ముందు ఒట్టు పెట్టింది నేను. ఆ కాగితం ఇస్తే నువ్వు దొంగవు, నేను అబద్ధాలకోరును. ఇవ్వకపోతే నేను ఒక్కడినే దొంగను. ఎటు పోవాలో తెలియక జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను.

ఎల్లుండి మిరుగం. మబ్బులు పట్టాయి.

సంగన్న


మహాబళేశ్వర్
7 జూన్ 1974

తమ్మీ,

నువ్వు నా ఉత్తరం చూపించావో లేదో తెలియదు. ఇది చేరేలోపు ఏమైనా జరిగి ఉండొచ్చు.

నిన్న పొద్దున గోడ దగ్గర పూలు రంగు తిరిగాయి. నీలం. మీ మునీమ్‌కు అర్థమయ్యేటట్టు రాయాలంటే ఆస్మానీ. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటి కూడా గులాబీ లేదు.

అక్కడే కూర్చుండిపోయాను. ఇక నోరు మూసుకొని ఉండొచ్చు. నేను తెచ్చినవి నీలమే, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ నీ దగ్గర గులాబీ ఎందుకైందో నాకు తెలియదు, నీకు తెలియదు. తెలిసినవాడు శంకర్రావు ఒక్కడే. ఆయనను అడగాలంటే మొత్తం చెప్పాలి.

చెప్పాను. మీ బావ పక్కనే ఉన్నాడు, ఆయన కూడా అప్పుడే విన్నాడు. శంకర్రావు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఏ నేలలో నాటారని అడిగాడు. నల్లరేగడి అన్నాను. "మరి గులాబీయే వస్తది," అన్నాడు. మా కొండ ఎర్రమట్టి పులుపు నేల, అందులో ఇది నీలం పూస్తుందట. నల్లరేగడిలో సున్నం ఉంటుంది, అందులో అదే మొక్క గులాబీ పూస్తుందట. ఘాట్ దిగి వాయి ఊరికి పోతే చాలు, రంగు మారుతుందట. విమలాబాయి ఏరిన మొక్కలే బతికి వచ్చినా నీ బావి దగ్గర గులాబీయే పూసేవి.

"శేఠ్‌కు ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "చెబితే కొంటడా?" అన్నాడు.

ఆ తర్వాత చాలాసేపు ఈ మొక్క గురించే మాట్లాడాడు. హిమాలయాల దిక్కు అడవుల్లో దీని చుట్టాలు వాటంతట అవే పెరుగుతాయట, తెల్లగా, గుత్తి బల్లపరుపుగా ఉంటుందట. ఇంకొక చుట్టం ఉందట, దాని వేరు అక్కడివాళ్ళు జ్వరానికి కాచి తాగుతారట. నా పని ఉందో పోయిందో చెప్పకుండా ఇవన్నీ చెబుతుంటే నిలబడి విన్నాను.

చివరికి శేఠ్ పేరు మీద మరాఠీలో కాగితం రాశాడు, ముద్ర వేశాడు. రంగు సంగతి ఒక భాగం. కుండీల్లో మొక్కలు నేను మార్చిన సంగతి ఇంకొక భాగం. రెండోది రాయొద్దని నేను అడగలేదు. కాగితం ఈ రోజే రిజిస్టరు పోస్టులో వేశాడు.

నన్ను రేపటి నుంచి రావద్దన్నాడు. మీ బావను ఉంచుకున్నాడు. మీ బావ నాతో మాట్లాడటం లేదు. నేను నాందేడ్ వస్తాను. పార్వతి దగ్గర ఒక ఆడమనిషి ఉండాలి కదా. మీ గదిలోనే ఒక మూల ఉంటాను.

చంద్రభాగ


నాందేడ్
16 జూన్ 1974

అక్కా,

మిరుగం రోజు పొద్దున బాబురావ్ మా సామాను గేటు బయట పెట్టించాడు. వాన లేదు, అదొక్కటి నయం. నాలుగు రోజులు దేవన్న ఇంటి ముందు పాకలో ఉన్నాం. పదకొండున నీ ఉత్తరం దేవన్న అక్కడికే తెచ్చిచ్చాడు.

పన్నెండో తారీఖు శేఠ్ మనిషిని పంపాడు. పోయేసరికి శంకర్రావు కాగితం ఆయన ఒళ్ళో ఉంది. విమలాబాయి మంచం వరండాలోనే ఉంది. బాబురావ్ స్తంభం దగ్గర నిలబడ్డాడు.

"నేల గుణమట," అన్నాడు శేఠ్. "ఏ మొక్క పెట్టినా గులాబీయేనట. నువ్వు అమ్ముకోలే. ఆ మాట నేనే బజార్ల చెప్తా. బాబురావ్ కూడ చెప్తడు."

బాబురావ్ తల ఊపాడు.

"కని మొక్కలు మారినయి. అది నిజమే గద?"

"నిజమే శేఠ్."

"నీకు ఎప్పటిసంది ఎర్క?"

ఆరో తారీఖు నుంచి అన్నాను. అబద్ధం చెప్పి ఉండొచ్చు, నోట రాలేదు. "ఎర్కుండి సామాను బయట పెట్టిచ్చుకున్నవా?" అని శేఠ్ నా వైపు వింతగా చూశాడు. బాబురావ్ ఆ క్షణంలో మాట్లాడి ఉంటే అతని మాటే నెగ్గేది. మొక్కలు మారాయని మొదటి నుంచి అన్నది అతనే.

విమలాబాయి లేచి కూర్చుంది. ఊపిరి తీసుకోవడానికి ఆగుతూ మాట్లాడింది. "చచ్చిపోతే చచ్చిపోయినయని ఒక కార్డు రాస్తే అయిపోవు. నేను ఏమనకపోదు. మనూరి పిల్ల అని ఈన ముంగట ఎంత చెప్పిన! సంగన్న ఉండనీ, గది ఇయ్యండి. ఆమె మాత్రం నా వాకిట్లకు రావద్దు. నేనున్నన్ని దినాలు రావద్దు."

శేఠ్ నన్ను చూశాడు. "ఇన్నవా? ఏమంటవ్?"

నువ్వు ఏ బస్సులో ఉన్నావో, బయలుదేరావో లేదో నాకు తెలియదు. పని పోగొట్టుకున్నది నా కోసమని తెలుసు. గేటు బయట పార్వతి, పాక నుంచి తెచ్చిన మూట మీద కూర్చొని ఉంది. అది కనిపిస్తూనే ఉంది.

"సరే అమ్మా," అన్నాను.

ఆలోచించుకుంటానని అనలేదు. ఒక్క పూట గడువు కూడా అడగలేదు. ఇది నీకు ఇంకెవరో చెప్పకముందే నేనే రాస్తున్నాను. ఇప్పుడు గదిలో ఉన్నాం. రాత్రి వాన పడింది, పైకప్పు కారలేదు.

సంగన్న


మహాబళేశ్వర్
23 జూన్ 1974

సంగన్నకు చంద్రభాగ రాసేది.

నేను బయలుదేరలేదు. ఘాట్‌లో కొండచరియ పడి బస్సులు ఆగాయి. అందుకే నీ ఉత్తరం అందింది.

నువ్వు సరే అనడం మంచిదే అయింది. చదివిన రోజు అట్లా అనుకోలేదు. మూడు రోజులైంది, ఇప్పుడు అనుకుంటున్నాను. ఒక్క పూట గడువు అడిగి ఉండాల్సింది. దానితో ఏమీ మారకపోయేది.

పార్వతిని తొమ్మిదో నెల పడగానే మన ఊరు కుండల్‌వాడికి, మన ఇంటికి పంపు. నేను అక్కడే ఉంటాను. పైకప్పు దులిపి, నేల అలికి పెడతాను. మంత్రసాని జనాబాయితో మాట్లాడతాను. పార్వతి నా మీద కోపంతో రానంటే, తిట్టడానికైనా రమ్మను. కాన్పు అయ్యేదాకా నేను ఎదురు చెప్పను.

మీ బావ నిన్న మాట్లాడాడు. పిలకలు తవ్విన చోట గుంతలు పూడ్చావా అని అడిగాడు. పూడ్చాను అన్నాను. అంతే.

మొక్కల సంగతి. పూలు ఎండిపోయినా ఇప్పుడే కొమ్మలు కోయకు. వచ్చే ఏటి మొగ్గ ఆ కొమ్మ చివరనే దాక్కొని ఉంటుంది. గోనెపట్టాలు తీసేయి, వానలో తడవనీ. ఆకులు మేకలకు అందనీయకు, తింటే కడుపు చెడుతుంది. విమలాబాయికి నీలమే కావాలంటే కుండీలో ఎర్రమట్టి పోసి, పటిక కరిగించిన నీళ్ళు పోయాలని శంకర్రావు చెప్పాడు. ఇది నేను చెప్పానని అనకు.

దారి తెరిచాక వస్తాను. నాందేడ్‌లో దిగి కుండల్‌వాడి బస్సు పట్టుకోవాలి, మధ్యలో రెండు గంటలు ఉంటుందట. ఆమె వాకిట్లోకి రాను. నిన్ను గేటు దగ్గరికి పిలవను.

ఒక్కటి అడుగుతున్నాను, దానికి మాత్రం జవాబు రాయి. రోడ్డు మీద నిలబడితే ఆ బావి దగ్గరి మొక్కలు గోడ పైనుంచి కనిపిస్తాయా?

చంద్రభాగ